జంతువుల నుంచి సోకే వ్యాధులు – ప్రజల దృష్టి, సామాజిక కారణాలు: తణుకు ప్రాంతపు బర్డ్ ఫ్లూ నేర్పేది

జంతువుల నుంచి మనిషికి సోకే జబ్బుల జాబితా పెద్దది. కుక్కకాటుతో వచ్చే రేబిస్, వరిచేలలో నిలిచిన నీళ్ల ద్వారా అంటుకునే ఎలుక జ్వరం, పచ్చిపాల వల్లా ఈనే పశువుకు సాయంపట్టే చేతుల వల్లా సోకే బ్రూసెల్లోసిస్, చచ్చిన గొర్రెను కోసినవారి చర్మం మీద నల్లని పుండుగా తేలే ఆంత్రాక్స్, పందుల్లోనూ కొంగల్లోనూ పెరిగి దోమల ద్వారా పసిపిల్లలకు చేరే మెదడువాపు, కోళ్లకు వచ్చే బర్డ్ ఫ్లూ అన్నీ ఇందులోకే వస్తాయి. మనిషికి వచ్చే అంటువ్యాధుల్లో సగానికి పైగా జంతువులతో ముడిపడినవేనని శాస్త్రవేత్తల అంచనా. వీటి గురించి రాసే పుస్తకాలు సాధారణంగా సూక్ష్మజీవితో మొదలై టీకాతో ముగుస్తాయి. కానీ ఈ రెంటికీ మధ్య ఒక మనిషి ఉంటాడు. చచ్చిన కోడినో, చూడి పోయిన గేదెనో అందరికంటే ముందు చూసేది అతనే. ఆ సంగతి పైకి చెప్పాలా, గుట్టుగా ఉంచాలా అని అతను తేల్చుకునే ఆ ఒకటి రెండు రోజుల్లోనే వ్యాధి అదుపులో ఉంటుందా, ఊళ్లు దాటుతుందా అన్నది నిర్ణయమవుతుంది. ఆ నిర్ణయాన్ని నడిపేది అజ్ఞానం కంటే ఎక్కువగా నష్టభయం, నిందాభయం, అధికారుల మీద నమ్మకం లేకపోవడం. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు చుట్టుపక్కల 2025లో జరిగింది ఇందుకు దగ్గరి ఆధారం.

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. దాదాపు ఐదో వంతు గుడ్లు ఇక్కడివే. అందులో గోదావరి జిల్లాల వాటా పెద్దది. ఇక్కడి గుడ్లు లారీలకెక్కి ఒడిశా, పశ్చిమ బెంగాల్, బీహార్, అస్సాం దాకా పోతాయి. తణుకు, పెరవలి, ఉంగుటూరు మండలాల్లో వరిచేల మధ్య గుడ్ల కోళ్లను పెంచే లేయర్ ఫారాల పొడవాటి షెడ్లు, వాటి పక్కనే చేపల చెరువులు, కొద్ది దూరంలో కొల్లేరు. శీతాకాలంలో వలసపక్షులు కొల్లేటికి దిగుతాయి. కోతలయ్యాక బాతుల కాపర్లు మందలను చేలవెంట తోలుకుపోతారు. బర్డ్ ఫ్లూ వైరస్‌కు సహజమైన ఆవాసం నీటిపక్షులే. థాయ్‌లాండ్‌లో జరిగిన అధ్యయనాలు వరిచేలలో మేసే బాతులకూ ఆ వ్యాధి వ్యాప్తికీ సంబంధం చూపించాయి. నీళ్లు, వరి, బాతు, కోడి, చేప ఇంత దగ్గరగా కలిసి ఉన్న నేల రాష్ట్రంలో మరోచోట అరుదు. డెల్టాకు సిరి తెచ్చిన అమరికే ఈ ముప్పునూ తెచ్చింది.

2025 జనవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్లు లక్షల్లో చనిపోయాయి. మొదట అందరూ దాన్ని అంతుచిక్కని వైరస్ అన్నారు. కొక్కెర తెగులేమో అనుకున్నవారూ ఉన్నారు. ఆ అనుమానంలో తప్పేమీ లేదు. కొక్కెర తెగులుకూ బర్డ్ ఫ్లూకూ పైకి కనిపించే లక్షణాలు చాలావరకు ఒకటే. కోడి మేత మానేస్తుంది, ఊపిరి అందక మెడ చాస్తుంది, తల ఉబ్బుతుంది, గుడ్డు పడిపోతుంది, చస్తుంది. తేడా తేల్చాలంటే నమూనా భోపాల్‌లోని జాతీయ ఉన్నత భద్రతా పశు వ్యాధుల సంస్థకు వెళ్లాలి. అక్కడి నుంచి ఫిబ్రవరి రెండో వారంలో ఫలితం వచ్చింది. తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ ఉన్నట్టు తేలింది. తర్వాత ఉంగుటూరు మండలం బాదంపూడిలో కూడా బయటపడింది. కేంద్ర కార్యాచరణ ప్రణాళిక ప్రకారం ఫారం చుట్టూ ఒక కిలోమీటరును వ్యాధి ప్రాంతంగా, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా ప్రకటించారు. వ్యాధి ప్రాంతంలో కోళ్లను చంపి పూడ్చారు, చికెన్ దుకాణాలు మూయించారు, రాకపోకలపై ఆంక్షలు పెట్టారు. తెలంగాణ ప్రభుత్వం సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆంధ్ర కోళ్ల లారీలను వెనక్కి తిప్పింది.

ఇక్కడ ఒక పాలనాపరమైన చిక్కు గమనించాలి. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన తర్వాత వేల్పూరు పశ్చిమ గోదావరిలో, కానూరు అగ్రహారం తూర్పు గోదావరిలో, బాదంపూడి ఏలూరు జిల్లాలో ఉన్నాయి. మేత లారీ, గుడ్ల ట్రేలు, ముదురు కోళ్లు కొనే వ్యాపారి, టీకాలు వేసే పనివాళ్లు ఈ మూడింటి మధ్య ఏ గీతా లేనట్టు తిరుగుతారు. ఉత్తర్వులు మాత్రం భీమవరం, రాజమహేంద్రవరం, ఏలూరు కలెక్టరేట్ల నుంచి విడివిడిగా వస్తాయి. వ్యాధి నడిచే దారి వ్యాపారపు దారి. దాన్ని పాలనా హద్దుల్లో వెతికితే ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటాం.

నమూనా ఫలితం రావడానికి ముందటి వారాలే ఈ వ్యాసానికి అసలు విషయం. ఆ రోజుల్లో చచ్చిన కోళ్లను రోడ్ల పక్కన, కాలువల్లో పారేశారని వార్తలు వచ్చాయి. కొన్ని చేపల చెరువులకు మేతగా పోతున్నాయన్న ఆరోపణలూ వచ్చాయి. చదివినవారికి ఇది రైతుల బాధ్యతారాహిత్యంగా తోచింది. కానీ ఫారం యజమాని ఉన్న చోట నిలబడి చూస్తే లెక్క వేరేగా కనిపిస్తుంది. లేయర్ కోడిపిల్లను పద్దెనిమిది, ఇరవై వారాలు మేపితేగాని గుడ్డు పెట్టదు. ఆ తర్వాత ఏడాదికి పైగా గుడ్లు వస్తేనే మేత బాకీ, బ్యాంకు వాయిదా తీరతాయి. పరిహారాన్ని కేంద్రం, రాష్ట్రం చెరి సగం భరిస్తాయి. అయితే అధికారులు చంపిన కోళ్లకే అది వర్తిస్తుంది. అంతకుముందే చచ్చినవాటికి లేదు. చంపిన తర్వాత షెడ్లు శుద్ధిచేసి, పరీక్షల్లో వైరస్ లేదని తేలేవరకు, నెలల తరబడి కొత్త బ్యాచ్ దించకూడదు. ఆ ఖాళీ నెలలకు పరిహారం లేదు. పక్క ఫారం రైతుకు తన కోళ్లు ఆరోగ్యంగా ఉన్నా ఒక కిలోమీటరు లోపల ఉన్నందుకు అన్నీ పోతాయి. కాబట్టి నిజం చెప్పిన మనిషికి తన ఫారం పోవడమే కాక, ఇరుగుపొరుగు ఫారాలను పోగొట్టినవాడన్న పేరూ మిగులుతుంది. చుట్టరికాలతో, చేబదుళ్లతో అల్లుకున్న ఊరిలో ఆ నింద డబ్బు నష్టం కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

పరిహారపు నియమం వెనక ఉద్దేశం మంచిదే. త్వరగా చెబితే ఎక్కువ కోళ్లు బతికి ఉంటాయి కనుక ఎక్కువ పరిహారం అందుతుంది, కాబట్టి రైతు త్వరగా చెబుతాడు అన్నది దాని తర్కం. ఆ తర్కం పనిచేయాలంటే చెప్పిన మర్నాడే నిర్ధారణ రావాలి. కానీ రైతు చెప్పిన రోజుకూ భోపాల్ ఫలితానికీ మధ్య రోజులు గడుస్తాయి. బర్డ్ ఫ్లూ ఒక షెడ్డును ఖాళీ చేయడానికి ఆ రోజులు చాలు. ఎదురుచూసినవాడికి చచ్చిన కోళ్ల గుట్టలు మిగులుతాయి, పరిహారం తగ్గుతుంది. ఎదురుచూడకుండా బతికున్నవాటిని వచ్చిన ధరకు అమ్మేసినవాడి చేతికి ఎంతోకొంత డబ్బు వస్తుంది. అలా అమ్మిన కోళ్లతో వైరస్ సంతలకూ దుకాణాలకూ చేరుతుంది. ప్రయోగశాల ఎంత దూరాన ఉందన్నది సాంకేతిక విషయంలా కనిపిస్తుంది గాని, నిజానికి అది మనుషుల ప్రవర్తనను మార్చే బలమైన సామాజిక కారణం.

నష్టభయమే రైతు నోరు నొక్కుతోందన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం చట్టం వైపు నుంచి వస్తుంది. జంతువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం 2009లోనే వచ్చింది. నమోదు చేయవలసిన వ్యాధి వస్తే యజమాని తెలియజేసి తీరాలని, చచ్చిన జంతువును కాలువలో వేస్తే శిక్ష ఉందని అది చెబుతుంది. మరి కఠినంగా అమలు చేస్తే సరిపోదా? శిక్ష అవసరమే. ముఖ్యంగా పదిమంది తాగే, పొలాలు తడిపే కాలువ నీటిలో చచ్చిన కోళ్లను గుమ్మరించే పనిని ఏ కష్టం పేరు చెప్పీ సమర్థించలేం. కానీ చట్టం పెట్టే జరిమానా కొద్ది వేల రూపాయలు, దాచినవాడు తప్పించుకునే నష్టం లక్షలు. జరిమానాను లక్షలకు పెంచినా, దాచినవాడిని పట్టుకోవాలంటే మళ్లీ ఎవరో ఒకరు చెప్పాలి. భయపెట్టి రాబట్టే సమాచారం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, ఈ జబ్బులో ఆలస్యానికే ఖరీదెక్కువ. ఇండొనేషియా 2006లో వేరే దారి పట్టింది. పశువైద్య సిబ్బందికి శిక్షణనిచ్చి ఊరూరా పంపి, పెరటి కోళ్లు పెంచేవారితోనే కలిసి జబ్బును గుర్తించే పద్ధతి మొదలుపెట్టింది. దాంతో అంతకుముందు లెక్కలకెక్కని వ్యాప్తి పెద్దఎత్తున బయటపడింది. ఆ దేశం నుంచి వ్యాధి పోలేదు కాని, అడిగే తీరు మారితే చెప్పేవారూ ముందుకొస్తారని అక్కడ రుజువైంది.

రెండో అభ్యంతరం ఎక్కువగా వినిపించేది, అధికారుల నోటా పత్రికల్లోనూ కనిపించేది: ప్రజలకు అవగాహన లేదు, అవగాహన కల్పిస్తే చాలు. కొన్ని వ్యాధుల విషయంలో ఇది నిజం. రేబిస్‌నే తీసుకుంటే, బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడుస్తారన్న పాతభయం ఇప్పటికీ పోలేదు. ఆ పద్ధతి పోయి చాలాకాలమైంది. ఇప్పుడు చేతికి, నాలుగు విడతల్లో వేస్తారు. గాయం మీద సున్నమో కారమో రాసి పసరుమందు కోసం పోయినవారి ప్రాణాలు పోయాయి. లక్షణాలు పైకి వచ్చాక రేబిస్‌కు దాదాపు మందు లేదు. కాబట్టి కరిచిన వెంటనే పావుగంట సేపు సబ్బుతో కడగాలన్న ఒక్క మాట ఊరందరికీ తెలియడం ప్రాణాలు కాపాడుతుంది. అక్కడ కూడా నాలుగుసార్లు ఆస్పత్రికి తిరిగితే నాలుగు రోజుల కూలి పోతుందన్న సంగతి కలిసే ఉంది. బర్డ్ ఫ్లూ విషయం వేరు. కోళ్ల రైతుకు మేత గ్రాముల్లో తెలుసు, టీకాల తేదీలు తెలుసు, షెడ్డులోకి అడుగు పెట్టగానే చప్పుడు తేడాను బట్టి ఏదో జరిగిందని తెలుస్తుంది. అతనికి లేనిది అవగాహన కాదు. తెలిసినదాన్ని చెప్పగలిగే భద్రత.

అవగాహన ప్రచారం ఏం చెప్పిందో కూడా చూడాలి. 2025 ఫిబ్రవరిలో అందరూ ఊదరగొట్టిన మాట ఒకటే: బాగా ఉడికించిన చికెన్, గుడ్డు తింటే ఏమీ కాదు. శాస్త్రపరంగా అది సరైన మాటే, 70 డిగ్రీలు దాటిన వేడిలో ఈ వైరస్ బతకదు. కోళ్ల ధర పడిపోతే పరిశ్రమ గుంటూరులోనూ హైదరాబాద్‌లోనూ ఉచితంగా చికెన్ వడ్డించి మేళాలు పెట్టింది, జనం ఎగబడ్డారు. కొనేవారి భయం పోగొట్టాలన్న ఆత్రం అర్థం చేసుకోదగినదే, ఈ పరిశ్రమ మీద వేలాది కుటుంబాలు బతుకుతున్నాయి. కానీ ఆ మాట తినేవాడిని మాత్రమే చూసింది. ప్రమాదం ఎక్కువగా ఉండేది తినేవాడికి కాదు. కోడిని పట్టేవాడికి, కోసేవాడికి, ఈకలు పీకేవారికి, చచ్చినవాటిని ఏరేవారికి, అదే ఇంట్లో నేల మీద ఆడుకునే పిల్లలకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2003 నుంచి హెచ్5ఎన్1 సోకినట్టు తేలినవారు వెయ్యికి కాస్త తక్కువ, వారిలో దాదాపు సగం మంది చనిపోయారు. ఎక్కువమందికి సోకింది జబ్బుపడ్డ, చచ్చిన పక్షులతో దగ్గరగా మెలగడం వల్లే. 2025 మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలో హెచ్5ఎన్1 అని తేలింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నట్టు విచారణలో తెలిసింది. ఆ ఇంటికీ తణుకు ఫారాలకూ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. కుటుంబంలో, ఇరుగుపొరుగులో ఇంకెవరికీ సోకలేదు. వైరస్ మనిషి నుంచి మనిషికి సులువుగా పాకే దశకు ఇంకా రాలేదన్నది ఊరటే. అయినా ఉడికించడమే కాదు, ఉడికేలోపు వంటింట్లో ఏం జరుగుతుందో కూడా చెప్పి ఉండవలసిందని ఆ పసిప్రాణం పోయాక గట్టిగా అనిపిస్తుంది.

ఫారంలో పనిచేసేవారి మాట ఇంకా తక్కువగా వినిపిస్తుంది. లేయర్ ఫారాల్లో చాలామంది కూలీలు ఒడిశా నుంచి, ఇంకా ఇతర రాష్ట్రాల నుంచి వచ్చి షెడ్ల పక్కనే పెళ్లాంపిల్లలతో ఉంటారు. రోజూ చచ్చిన కోళ్లను పంజరాల్లోంచి ఏరేది వారే. వారికి జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు పోతారు, కోళ్ల ఫారంలో పనిచేస్తున్నామని చెప్పే అవసరం వారికి తోచదు, అడిగే అలవాటు అక్కడ లేదు. కోళ్లను చంపే బృందాలకు రక్షణ దుస్తులు, మాస్కులు, మందులు ఇచ్చారు. ఆ బృందాలు రాకముందు వారాల తరబడి ఒట్టి చేతులతో అదే పని చేసినవారికి ఏమీ లేదు. ఫారం మూతపడితే పరిహారం యజమానికి వెళుతుంది. కూలీకి పని పోతుంది, అతను మరో జిల్లాలోని మరో ఫారానికి వెళ్లిపోతాడు. వ్యాధి నిఘా దృష్టితో చూసినా అది ప్రమాదమే. పెరట్లో గంప కింద నాలుగు నాటుకోళ్లు పెంచుకునే ఆడవారిదీ అటువంటి పరిస్థితే. కోడిగుడ్డు, కోడిపుంజు వారి సొంత చేతిఖర్చు. మగవారి లెక్కల్లోకి రాని డబ్బు అది. ఒక కిలోమీటరు పరిధిలోని కోళ్లన్నీ చంపాలన్న ఉత్తర్వు ఆ గంప దగ్గరకొచ్చేసరికి, పుంజు పొరుగూరి చుట్టాలింటికి చేరడంలో ఆశ్చర్యం లేదు.

కోడిపందేల సంగతి ఎత్తకుండా గోదావరి జిల్లాల కోడి గురించి రాయలేం. బర్డ్ ఫ్లూ బయటపడ్డ నెలకు ముందే సంక్రాంతి, లక్షల రూపాయల పందేలు. కొందరు వెంటనే పందెం కోళ్ల మీద వేలెత్తి చూపారు. రెండు సంఘటనలు పక్కపక్కన వచ్చినంత మాత్రాన ఒకటి మరోదానికి కారణం కాదు. తణుకు ప్రాంతంలో నిర్ధారణ అయినవి వాణిజ్య ఫారాలు. అయితే ముప్పు లేదనీ కాదు. పందెం పుంజును పెంచేవారు దానికి జీడిపప్పు, బాదం పెట్టి, ఒళ్లుపట్టి, ఈత కొట్టించి, బిడ్డలా సాకుతారు. గాయమైతే తమ చేతులతోనే కడుగుతారు. థాయ్‌లాండ్‌లో 2004లో పందెం కోళ్లతో అలా మెలిగిన ఒక యువకుడు హెచ్5ఎన్1తో చనిపోయాడు. ఆ దేశం పందెం కోళ్లకు పాస్‌పోర్టు తరహా గుర్తింపు పుస్తకాలు ఇచ్చి, ఏ పుంజు ఎక్కడికి పోతోందో, పరీక్ష అయిందో లేదో తెలిసేలా చేసింది. మన దగ్గర పందేలు చట్టవిరుద్ధం. జంతుహింస దృష్టితో నిషేధం సమంజసమే. కానీ పండగ మూడు రోజులూ అందరి కళ్లముందే జరిగి, కాగితం మీద మాత్రం జరగని పనిలో ఉన్న కోళ్లకు పశువైద్యుడు ఉండడు. జబ్బుపడ్డ పుంజును ఏ ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లి ఇది పందెం కోడి అని చెబుతారు? వ్యాధి నిఘాకు కనిపించని లోకం ఒకటి అలా తయారవుతుంది.

తప్పు ఎవరిమీదైనా మోపి ఊరట పొందాలన్న కోరిక ఈ వ్యాధులన్నిటి చరిత్రలోనూ ఉంది. 1999లో రాష్ట్రంలో మెదడువాపు ప్రబలినప్పుడు చూపులన్నీ పందుల మీదికి, వాటిని పెంచే ఎరుకల కుటుంబాల మీదికి పోయాయి. పందిలో వైరస్ పెరిగేమాట నిజమే. కాని వైరస్‌ను పిల్లలకు చేర్చిన దోమ పుట్టింది వరిమడిలో. వరిమడి ఎరుకలవారిది కాదు. ఆ వ్యాధిని చివరికి ఎక్కువగా తగ్గించింది పిల్లలకు వేసిన టీకా. బర్డ్ ఫ్లూలో ఆ చూపు ఒకరోజు వలసపక్షుల మీద, ఒకరోజు చేపల చెరువుల మీద, ఒకరోజు చచ్చినకోళ్లు పారేసిన పేరుతెలియని రైతు మీద పడింది. నింద పడ్డవారు తలుపులేసుకుంటారు. తలుపేసుకున్న ఇంటి నుంచి నమూనా రాదు.

ఇదంతా రాస్తే పరిశ్రమ దెబ్బతింటుంది, ధరలు పడిపోతాయి, కాబట్టి గుట్టుగా చక్కబెట్టుకోవడమే మేలన్న వాదన మూడోది. పౌల్ట్రీ వర్గాల్లో ఇది గట్టిగానే ఉంది, అనుభవం నుంచి వచ్చిన భయం కనుక తోసిపుచ్చలేం. కానీ 2025 జనవరిలో మౌనమే పాటించారు, ఫలితం ఏమిటి? అంతుచిక్కని వైరస్ అన్న పేరుతో పుకారు పెరిగింది, నిజం తెలిసేసరికి జనం గుడ్డునూ అనుమానించారు. ధర పడిపోవడం ఆగలేదు, వారాలు మాత్రం పోయాయి. 1997లో 18 మందికి సోకి ఆరుగురి ప్రాణాలు తీసిన వ్యాప్తిని హాంకాంగ్, పదిలక్షలకు పైగా కోళ్లను బహిరంగంగా ప్రకటించి చంపేసి ఆపగలిగింది. బాధాకరమైన చర్య అది, కానీ ఏం జరుగుతోందో అక్కడి జనానికి తెలిసింది.

మన పల్లెలకు కట్టడి కొత్త కాదు. తెగులు వచ్చినప్పుడు గ్రామదేవతకు జాతర చేసి, ఊరి పొలిమేర కట్టేసి, బయటివారిని లోపలికి, లోపలివారిని బయటికి పోనివ్వని ఆచారాలు తెలుగునాట ఎన్నోచోట్ల ఉన్నాయి. నూరేళ్ల కిందటే హెన్రీ వైట్‌హెడ్ దక్షిణ భారత గ్రామదేవతల గురించి రాసిన పుస్తకంలో తెలుగు పల్లెల జాతరలు నమోదయ్యాయి. అమ్మవారి కోపమన్న వివరణ నేటి శాస్త్రానికి సమ్మతం కాదు. అయినా ఆ ఆచారంలో ఒక ఒప్పందం ఉంది: తెగులు ఒక ఇంటి తప్పు కాదు, ఊరందరిదీ, ఖర్చూ కట్టడీ అందరూ పంచుకోవాలి. ఇప్పటి విధానంలో లేనిది ఆ పంపకమే. కట్టడి ఊరందరిదీ, నష్టం మాత్రం చెప్పినవాడిది.

కాబట్టి మార్చవలసినవి ముందు డబ్బుకూ సమయానికీ సంబంధించినవి. రైతు సమాచారం ఇచ్చిన గంట నుంచి చచ్చిన కోళ్లను కూడా పరిహారంలో లెక్కించాలి. దొంగ లెక్కలు రాస్తారన్న అనుమానానికి జవాబు ఉంది: ప్రతి ఫారంలో రోజువారీ చావుల రిజిస్టరు తప్పనిసరి చేసి, మేత, పిల్లల కొనుగోలు బిల్లులతో సరిచూస్తే పెద్ద మోసం సాగదు. సాగినా, అందువల్ల పోయే డబ్బు ఒక వ్యాప్తి వల్ల పోయేదానికంటే తక్కువ. నమూనా తొలిపరీక్ష గోదావరి జిల్లాల్లోనే ఒకటి రెండు రోజుల్లో పూర్తి కావాలి. చచ్చిన కోళ్లను సురక్షితంగా పూడ్చే గుంటలు, కాల్చే యంత్రాలు ఫారాల సముదాయానికి ఉమ్మడిగా ఉండాలి. ఒక్క రైతును పట్టుకుని ఎక్కడ పూడ్చావని అడిగితే కాలువే జవాబవుతుంది. ఫారం కూలీల పేర్లు, ఫోన్ నంబర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండాలి, వ్యాధి వచ్చినప్పుడు వారి కూలినష్టం కూడా పరిహారంలో భాగం కావాలి. మూడు జిల్లాల పశు సంవర్ధక, వైద్య శాఖలు తణుకు ప్రాంతాన్ని ఒకే పరిధిగా భావించి ఒకే బృందంతో పనిచేయాలి. ఇవన్నీ ఏటా నవంబరులో కొల్లేటికి పక్షులు దిగేలోపు సిద్ధం కావలసినవి.

చదువుతున్నవారిలో కోళ్లు పెంచేవారుంటే, ఫారంలోగాని పెరట్లోగాని ఒక్కసారిగా చావులు పెరిగితే ఆ రోజే గ్రామ రైతు సేవా కేంద్రంలోని పశు సంవర్ధక సహాయకుడికి చెప్పండి, లేదా 1962కు ఫోన్ చేయండి. చచ్చిన కోడిని ఒట్టిచేతులతో ముట్టుకోవద్దు, పిల్లలను దగ్గరకు రానివ్వొద్దు, కాలువలో వేయొద్దు. ఆ పని చేశాక జ్వరం, దగ్గు వస్తే డాక్టరు అడగకపోయినా కోళ్ల దగ్గర పనిచేశామని మీరే చెప్పండి.